బావ బాగుచేసిన పరికరం

మా బావ ఒక కర్మాగారంలో ఫిట్టరుగా చేరి, చివరకు, తయారైన భాగాలు సరిగ్గా ఉన్నాయో లేదో సరిచూసే కొలతల గదికి ఎదిగాడు. ఆ గది మేడ మీద ఉంది. ఇరవై రెండు ఇనుపమెట్లు. ఊపిరితిత్తుల జబ్బు ముదిరాక వాటిని ఎక్కలేక సెలవు పెట్టాడు. "రెండు నెలలు చూస్తాను. మెట్లెక్కి రాగలిగితే నీ బల్ల నీదే, లేకపోతే ఇంకొకరికిస్తాను," అన్నాడు యజమాని.

ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు అతనికి గుప్పెడంత పరికరం ఇచ్చింది. దాన్ని నోట పెట్టుకుని గట్టిగా పీలిస్తేనే లోపలి స్ప్రింగు జరిగి గాలికి దారి ఇస్తుంది. పూటకు ముప్పైసార్లు, రోజుకు రెండు పూటలు పీల్చాలి. వారంవారం మర తిప్పి బిగువు పెంచాలి. పాడైన ఊపిరితిత్తులు దీనివల్ల బాగుపడవని, పీల్చే కండరాలు మాత్రం బలపడవచ్చునని ఆమె దాపరికం లేకుండా చెప్పింది. నాకు ఆ మాట నచ్చింది.

నాలుగు వారాలకే బావ పరికరం మీది చిట్టచివరి అంకెకు చేరాడు. అక్క వీధంతా చెప్పుకుంది. పరీక్షకు అక్కతోపాటు నేనూ వెంట వెళ్లాను. పీల్చే బలం మొదటి రోజు ఎంతో, ఇప్పుడూ అంతే.

"మీ మీటరే తప్పు చూపిస్తోందమ్మా," అన్నాడు బావ.

ఫిజియోథెరపిస్టు పరికరం విప్పి చూసింది. "ఈ స్ప్రింగును ఎవరైనా కోశారా సార్?"

"నేనే. మరీ బిగుసుకుపోయి ఉంటే రెండు చుట్లు తీసేశాను. ఇప్పుడు చూడండి, వెన్నలా నడుస్తోంది."

"బిగువుగా ఉండడమే దాని పని సార్!"

బావ తల గోక్కున్నాడు. "బిగిసింది కనబడితే చెయ్యి ఊరుకోదమ్మా."

"ఇంట్లో తలుపు గడియ నెల్లాళ్లుగా మొరాయిస్తోంది. దాని మీదికి మాత్రం పోదు ఆ చెయ్యి!" అంది అక్క.

మిగిలింది నాలుగు వారాలు. కొత్త పరికరంతో తక్కువ అంకె నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి చెమటలు పట్టాయి. దాంతోపాటు నడకా పెంచాడు కనుక, ఫలితంలో దేని వాటా ఎంతో నేను చెప్పలేను.

గడువు రోజున బావ మెట్లెక్కి వెళ్లేసరికి యజమాని కొలతల గదిలోనే ఉన్నాడు.

"ఎన్నిచోట్ల ఆగావు?"

"ఒక్కచోట. పదిహేనో మెట్టు మీద."

"నేను చూడలేదుగా. ఆగలేదని చెప్పేస్తే పోయేది."

"వచ్చింది కొలతల గదికి కదా సార్."

యజమాని కుర్చీ ముందుకు జరిపాడు. "ముందు ఊపిరి తీసుకో. తొమ్మిదికి మొదలుపెడుదువుగాని."