రెండు నిమిషాల మైకు

కౌన్సిల్ హాల్లో సభ్యులు పదకొండు మంది. ఎవరెంత గొంతు చించుకున్నా, వినబడాలంటే మూల గాజు గదిలో కూర్చున్న మైకాయన మీట నొక్కాల్సిందే. అంతటి మనిషికి తొమ్మిదేళ్ళుగా ఉద్యోగం మాత్రం పర్మనెంట్ కాలేదు. ఈ నెలలో చేస్తామన్నారు. పోయిన నెలలోనూ అన్నారనుకోండి.

ఆ రోజు విషయం పేట ఆసుపత్రి. దాన్ని కూల్చి, ఆ జాగా పక్కనున్న మిల్లు యజమానికి కార్లు నిలుపుకోవడానికి ఇవ్వాలా వద్దా అని. జనంలో ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చు, మనిషికి రెండే నిమిషాలు. ఛైర్మన్ కళ్ళజోడు తీశాడంటే మైకు కట్టేయాలి. అదీ రూలు.

మొదట మిల్లు యజమాని లేచాడు. హాల్లో మైకులన్నీ ఆయన ఇచ్చినవే, ఆంప్లిఫయర్ మీద ఇత్తడి రేకులో ఆయన పేరు కూడా ఉంది. సగం మంది సభ్యుల ఎన్నికల ఖర్చూ ఆయనదే, దానికి మాత్రం రేకు లేదు. పద్దెనిమిది నిమిషాలు మాట్లాడాడు. ఛైర్మన్ కళ్ళజోడు ముక్కుకు అతుక్కుపోయినట్టుంది, కదిలితే ఒట్టు. మైకాయనకు ఆవలింత వచ్చింది. ఇలాంటివి ఎన్ని చూశాడని!

తర్వాత పిలిచిన పేరు వినగానే ఆ ఆవలింత సగంలో ఆగిపోయింది. అక్క! లాండ్రీలో ఇస్త్రీ చేసే అక్క, సగం రోజు సెలవు పెట్టి వచ్చి, మడిచిన కాగితం పట్టుకుని నిలబడింది. తల్లి పోయాక అతణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. బావ కాలి పుండుకు రోజు విడిచి రోజు కట్టు కట్టేది ఆ ఆసుపత్రిలోనే. ఇంకో ఆసుపత్రికి పోవాలంటే రెండు బస్సులు మారాలి. ఆ కాలితో!

"అయ్యా, అందరికీ దండాలు," అని మొదలుపెట్టింది. దండాలకే అర నిమిషం పోయింది. అసలు సంగతికి రావే తల్లీ, అని మైకాయన లోపల్లోపల మొత్తుకున్నాడు. ఆవిడ నర్సమ్మ మంచితనం చెప్పింది, డాక్టరు ఓపిక చెప్పింది. "ఇక మా ఆయన సంగతికొస్తే..." అంది.

ఛైర్మన్ కళ్ళజోడు తీసి, గాజు గది వైపు చూశాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నొక్కకపోతే? పర్మనెంట్ సంగతి దేవుడెరుగు, ఉన్నది కూడా ఊడుతుంది. మైకాయన మీట నొక్కి మైకు కట్టేశాడు.

అక్క పెదాలు కదులుతూనే ఉన్నాయి. పేదవాడి కోపం పెదవికి చేటంటారు, పాపం ఆవిడకు కోపం కూడా రాలేదు. మైకును వేలితో తట్టింది, ఊదింది. గాజు గది వైపు తిరిగి కేకేసింది. "ఒరేయ్ తమ్ముడూ, మైకు పాడైందిరా! కాస్త చూడు!"

హాలంతా నవ్వింది. మైకాయన ఏదో వెతుకుతున్నట్టు బల్ల కిందకి వంగి వైర్లు సర్దాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. చేతులెత్తమంటే కూల్చడానికి తొమ్మిది, వద్దని రెండు.

సాయంత్రం బస్టాపులో అక్క అతని కోసమే నిలబడి ఉంది.

"తొమ్మిది మందట కదరా?"

"అవునక్కా."

"వాళ్ళను మాత్రం ఏమంటాంలే. అసలు సంగతి వినబడితే కదా! బావ కాలి మాటకొచ్చేసరికి ఆ పాడు మైకు చచ్చింది." అతని భుజం మీద చెయ్యి వేసింది. "నిన్నెవరూ ఏమీ అనలేదు కదా? అసలే పర్మనెంట్ చేసే నెల."

"లేదక్కా."

"వచ్చేసారికైనా బాగు చేయించి ఉంచరా."

"ఉంచుతానక్కా," అని, ఆవిడ మొహం చూడలేక బస్సు వచ్చే వైపు చూశాడు.