నాచ్చిముత్తు మార్చిన చిరునామాలు

మూడు వేల ఎనిమిది వందల పదకొండో వరుస దగ్గర నాచ్చిముత్తు ఆగాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. తెర మీద ఎడమ గడిలో పాత చిరునామా, కుడి గడిలో కొత్త చిరునామా. రెంటినీ పెదాలు కదుపుతూ చదివి, ఎడమచేతి చూపుడువేలితో బల్ల మీద ఒకసారి తట్టాడు. తట్టాడంటే ఆ వరుస సరిగ్గా ఉన్నట్టు. ఆ వేలికి గోరు లేదు, కొన నున్నగా మెరుస్తుంటుంది. ఇరవై రెండేళ్ళ వయసులో, కాలిన మోటార్లకు రాగి తీగ చుట్టే షాపులో వార్నిష్ ఆరబెట్టే పొయ్యి తలుపుకు అంటుకుని కాలింది. అరవై ఒక్క ఏళ్ళ మనిషి, సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. నలుగురిలో కూర్చుంటే ఐదోవాడు వచ్చి ఆ కుర్చీ ఖాళీయా అని అడిగే రకం.

జాబితాను ఇలా చదవడం మూడోసారి. పీళమేడులో ఆయన పనిచేసే పంపుల కంపెనీని వేసవిలో పెద్ద కంపెనీ ఒకటి కొనేసింది. గేటు మీద పేరు మారింది, బిల్లుల మీద మారింది. వెబ్‌సైట్ ఒక్కటే మిగిలింది. అది ఇవాళ పదకొండు గంటలకు కొత్త పేరుకు మారుతుంది.

యాళిని తడిసిన రెయిన్‌కోటు తలుపుకు తగిలించి లోపలికి వచ్చింది. కొత్త కంపెనీ చెన్నై నుంచి ఈ పని కోసమే పంపిన అమ్మాయి.

"సార్, ఇంకా చదువుతున్నారా?"

"చదువుతున్నానండి అమ్మిణీ. ఇంకో నూట ముప్పయ్యైదు ఉన్నాయి."

మా కోయంబత్తూరు వాళ్ళు పిల్లిని తరిమినా "దయచేయండి" అనే తరుముతారు. నాచ్చిముత్తు అందులో నాలుగాకులు ఎక్కువే చదివాడు. కూతురి వయసు పిల్లనూ అండీ అనే పిలుస్తాడు. మొదట్లో తనను వెక్కిరిస్తున్నాడేమో అనుకుంది యాళిని.

ఆ వెబ్‌సైట్లో పంపుల బొమ్మలు, ధరలు అందరికీ ఉన్నట్టే ఉన్నాయి. నాచ్చిముత్తువి వేరే పేజీలు. ఒక్కో మోటారుకు ఒక్కో పేజీ. ఎన్ని చుట్లు చుట్టాలి, రాగి తీగ ఏ గేజిది, అంటే ఎంత లావు, ఏ గాడిలోంచి ఏ గాడిలోకి పోవాలి. మోటారు కాలి నల్లటి ముద్దయిపోయాక, అంతకుముందు చుట్టినవాడు ఇష్టమొచ్చినట్టు చుట్టి ఉంటే, అసలు లెక్క ఎవరికీ తెలియదు. ఈ పేజీలో దొరుకుతుంది. కంపెనీ పాత రిజిస్టర్లలోంచి కొన్ని, మూతబడ్డ కంపెనీల మోటార్లను తనే విప్పి లెక్కపెట్టి కొన్ని, ఇరవై ఏళ్ళలో మూడు వేల తొమ్మిది వందల నలభై ఆరు పేజీలు పెట్టాడు. మోటారు పేరు కొట్టి వెతికితే ముందు వచ్చేది ఆయన పేజీయే.

పేరు మారితే ఆ స్థానం పోతుంది. వెతికి పెట్టే యంత్రానికి కొత్త పేరు ముక్కూమొహం తెలియని మనిషి. పాత పేజీలన్నీ ఒక్కొక్కటిగా "నేను ఫలానా చోటికి మారాను" అని చెప్పుకోవాలి. ఆగస్టులో యాళిని ఒక్క వాక్యంతో అన్నింటినీ కొత్త సైటు మొదటి పేజీకి పంపేద్దామంది. చాలామంది అలాగే చేస్తారు.

"బస్సు దిగిన అల్లుణ్ణి ఊరి మొదట్లో వదిలేసి, మీ అత్తగారిల్లు ఇక్కడే ఎక్కడో ఉంది వెతుక్కోండి అన్నట్టుంటుంది కదండీ" అన్నాడు నాచ్చిముత్తు.

మోటారు చుట్టేవాడికి మొదటి రోజే నేర్పే పని ఒకటుంది. కాలిన తీగను కోసే ముందు చుట్లు లెక్కపెట్టి రాసుకోవాలి. కోశాక దేవుడొచ్చినా చెప్పలేడు. ఆ అలవాటుతోనే మూడు నెలలు కూర్చుని ఎడమకు పాతది, కుడికి కొత్తది రాశాడు. మార్పు మార్చిలో పెడతామంటే వద్దని బతిమాలాడు. ఎండాకాలం మోటార్లు కాలే కాలం. అక్టోబరు నవంబరుల్లో పడే ఐప్పసి వానల్లో బావులు నిండి పంపులు పడుకుంటాయి, అప్పుడైతే దెబ్బ తగిలినా తక్కువమందికి తగులుతుంది.

చెన్నై మేనేజరు మాత్రం ఫోనులో తేల్చి చెప్పాడు. "ఆ పేజీలు ఒక్క పంపు కూడా అమ్మవు. మారిన నెలకు వచ్చేవాళ్ళు తగ్గారా, తీసేద్దాం." ఆ మాట విన్న దగ్గర్నుంచి నాచ్చిముత్తుకు అన్నం సరిగా సయించడంలేదు.

పదకొండూ నాలుగు నిమిషాలకు యాళిని మీట నొక్కింది. పక్క తెర మీద, వచ్చినవాళ్ళ జాడ చూపే వరుసలు మొదలయ్యాయి. జోర్హాట్ నుంచి ఒకరు. పాత చిరునామాకు వచ్చారు, రెప్పపాటులో కొత్త పేజీలో ఉన్నారు, ఆ మోటారు పేజీలోనే. రాజ్‌షాహి నుంచి ఒకరు. భీల్వాడా. ఎక్కడో కెన్యాలో కిసుము. వరుస మీద వరుస, ఆగకుండా, ఎవరూ దారి తప్పకుండా.

నాచ్చిముత్తు కుర్చీలోంచి లేచాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియదు. ఈ క్షణంలో వాళ్ళలో ఎవరో నల్లబడ్డ మోటారు ముందు గొంతుక్కూర్చుని, ఫోను మోకాలి మీద పెట్టుకుని, తీగ గేజి చూసుకుంటున్నాడు. వాడి పక్కన తోట ఎండిపోతున్న రైతు నిలబడి ఉంటాడు. ఈరోడ్ దాటి నాలుగుసార్లకు మించి వెళ్ళని తన దగ్గరికి ఇంత ప్రపంచం వస్తోంది. గుళ్ళో హారతి వేళ నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడిపోయాడు.

"సార్, ఇంతమందా?" యాళిని గొంతు తగ్గిపోయింది.

"రోజూ ఇంతమందేనేమోనండి. నేనెప్పుడూ పని ఆపి చూడలేదు."

మధ్యాహ్నం ఆయన డబ్బాలో తెచ్చుకున్న, బియ్యం పప్పు కలిపి వండిన అరిసిపరుప్పు సాదం నాలుగు ముద్దలు తిని మూత పెట్టాడు. అంతా బాగుందనుకున్నప్పుడే మళ్ళీ చూడాలనేది ఆయన పిచ్చి. కొత్త పేజీ ఒకటి తెరిచి, జనానికి కనిపించే భాగం కాదు, దాని వెనక యంత్రం చదువుకునే రాతను పైనుంచి చదవసాగాడు. ఏడో వరుస దగ్గర వేలు ఆగింది.

"అమ్మిణీ, ఒక్కసారి ఇలా వస్తారా? ఇదేమంటోందండీ?"

యాళిని చూసింది. ఈ పేజీని మీ జాబితాలో చేర్చుకోవద్దు, అని వెతికే యంత్రానికి చెప్పే వాక్యం అది. సైటు కడుతున్నన్నాళ్ళూ, సగం కట్టిన ఇల్లు ఎవరి కంటా పడకుండా పెట్టుకుంటారు. తెరిచే రోజు తీసేయాలి. తీయలేదు. అన్ని పేజీల్లోనూ అలాగే ఉంది. ఇంకో వారం ఉంటే మూడు వేల తొమ్మిది వందల నలభై ఆరూ వెతుకులాటలోంచి మాయమయ్యేవి.

"నేనే రాశాను సార్. ఆగస్టులో. తీయడం మర్చిపోయాను." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"దానికి ఏడుస్తారేంటండీ! నేను మొదటిసారి చుట్టిన మోటారు వెనక్కి తిరిగింది. రైతు నీళ్ళ కోసం బావి దగ్గర అరగంట చూసి, నా ఏడు తరాలనూ పేరుపేరునా తలుచుకున్నాడు. మీరు వానలో ఇంత దూరం వచ్చి ఒక్క వాక్యం మర్చిపోయారు, అంతే కదా. తీసేయండి."

ఆమె పది నిమిషాల్లో తీసేసింది. ఆ సంగతి ఆ గది దాటి బయటికి పోలేదు.

ఐదున్నరకు నాచ్చిముత్తు మెడలో కార్డు తీసి ఆమె బల్ల మీద పెట్టాడు. అప్పటిదాకా ఆమెకు గుర్తులేదు, ఆయన ఉద్యోగం ఈ మార్పుతో సరి.

"రేపు రారా సార్?"

"రేపు నాకేం పనుందండీ? అందరూ కొత్తింట్లో చేరారు కదా. చూడండి, మొదట్లో కిందికి జారుతుంది. గాభరా పడొద్దు. పాత పేరును మాత్రం చావనివ్వకండి. అది బతికున్నంత కాలమే వచ్చినవాళ్ళకు దారి చెబుతుంది."

వానలో గొడుగు వేసుకుని, పంట్లాం అంచులు మడిచి, తన ఇల్లున్న గణపతి పేటకు బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఆయన చెప్పినట్టే జారింది. తొమ్మిదో రోజుకు వచ్చేవాళ్ళు సగమయ్యారు. మేనేజరు ఫోను మీద ఫోను. యాళిని నాచ్చిముత్తుకు ఫోన్ చేస్తే, "వెతికే యంత్రం మనల్ని గుర్తుపట్టడానికి టైము పడుతుందండి, ఆగండి" అన్నాడు. పదమూడో రోజు పొద్దున పాల ప్యాకెట్టు తీసుకోవడానికి గుమ్మంలోకి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

ఇరవై ఆరో రోజు యాళిని ఒక పాత మోటారు పేరు కొట్టి వెతికింది. మొట్టమొదట కొత్త పేరుతో ఆయన పేజీ. ఇంకొకటి కొట్టింది. మొదటిదే. యాభై చూసింది, బల్ల మీద వేలితో తట్టుకుంటూ. మేనేజరు "సరే, ఉంచండి" అని రెండు మాటలు పంపాడు. ఆ ఆనందంలో పాత వెబ్‌సైట్ పేరుకు కట్టిన డబ్బు గడువు ఎప్పటిదాకానో చూద్దామనుకుంటే, అది కంపెనీ ఖాతాలో లేదు. ఇరవై ఏళ్ళ కిందట పాత యజమాని "నువ్వే కొనెయ్యవయ్యా" అంటే నాచ్చిముత్తు తన పేరు మీదే కొన్నాడు. ఆఫీసులో ఉన్న పాత కాగితాల ప్రకారం గడువు ఆ నెలాఖరుకే తీరాలి. ఆటో పట్టుకుని గణపతికి పరుగెత్తింది.

ఆయన భార్య కణ్ణమ్మాళ్ కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆయన ఏం పని చేసేవాడమ్మా? ఇన్నేళ్ళూ అడిగితే చిరునామాలు రాస్తున్నాననేవాడు."

యాళిని ఫోనులో ఆ వరుసలు తెరిచి చూపించింది. "ఇందులో ఒక్కో వరుస ఒక్కో మనిషండీ. ఇప్పుడు, మనం మాట్లాడుతుండగానే, వీళ్ళంతా సార్ దగ్గరికి వస్తున్నారు."

కణ్ణమ్మాళ్ ఫోను రెండు చేతులతో పట్టుకుని కదిలే వరుసలను చాలాసేపు చూసింది. "ఇంతమంది వస్తుంటే నాకు ఒక్క మాటైనా చెప్పలేదు చూడు" అని కళ్ళు తుడుచుకుంది. పాత పేరు సంగతి అడిగితే లేచి బీరువా తలుపు తీసింది. తలుపు లోపలి వైపు ఒక రసీదు అంటించి ఉంది. తన ఆఖరి పనిరోజు పొద్దున్నే, ఆఫీసుకు బయలుదేరే ముందు, పాత పేరును పదేళ్ళకు పొడిగించుకున్న రసీదు. గడువు 2034 నవంబరు అన్న చోట ఎర్రసిరాతో గీత గీసి, పక్కన గుండ్రటి అక్షరాలతో "అప్పుడు మళ్ళీ పొడిగించాలి, మరవద్దు" అని తనకు తానే రాసుకున్నాడు.