ఒప్పుకోలు

కన్సెంట్‌కి తెలుగేంటి మమ్మీ అని రూతు అడిగితే గిన్నెలు తోముతూ ఒప్పుకోలు అనేసింది గాని విమలకుమారి అంత ఆలోచించి చెప్పిందేం కాదు, తీరా ఇవాళ జూలై నాలుగు, అమెరికా స్వాతంత్ర్య దినం, ఆదివారం పడడంతో, ట్రాయ్‌లో మధ్యాహ్నం పూట తెలుగువాళ్ళకి వదిలే ఈ అమెరికన్ చర్చిలో ఆ రోజు గురించి తెలుగులో చెప్పమని కూతురి చేతికి మైకు ఇచ్చారు, రంగు అద్దాల్లోంచి నీలం వెలుగు పిల్ల మోచేతి మీద తేలుతోంది, ఎంత చల్లని నీలమో, చూస్తూ ఉంటే నిద్రొచ్చేలా ఉంది, చాలా లాంగ్ టైం క్రితం ఫిలాసఫర్స్ బుక్స్ రాశారు, కింగ్‌కి పవర్ గాడ్ ఇవ్వలేదు, పీపుల్ ఇచ్చారు అని, అవి చదివి ఇక్కడ రెవల్యూషన్ చేశారు, అని రూతు కూడబలుక్కుంటోంది, గవర్నమెంట్ పవర్ ప్రజల ఒప్పుకోలు నుంచి వస్తుంది, అనేసరికి ముందు వరుసలో సంఘపెద్ద అబ్రహాం గారు చటుక్కున తల వంచి కళ్ళు మూసుకున్నారు, ఆయన్ని చూసి వెనకవాళ్ళు, వాళ్ళని చూసి చర్చంతా, పాపపు ఒప్పుకోలు ప్రార్థన అనుకున్నారు పాపం, క్షమించు ప్రభువా అని ఎవరో గొణిగారు కూడా, పిల్ల బిక్కమొహం వేసింది, విమల నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

అందరి తలలూ వంగే ఉన్నాయి, పక్కన భర్త ప్రేమానందం తల కూడా, ఇక్కడికి వస్తూ కార్‌లో ఏమన్నాడు, షాంటిలీ జాబ్ రేపు యాక్సెప్ట్ చేసేస్తున్నా, ఆగస్టులో ఆ ఊరికి మూవ్ అవుదాం, అంతే, చెప్పాడు గాని అడగలేదు, ఇన్నేళ్ళ నైట్ డ్యూటీల తర్వాత మొన్ననేగా హాస్పిటల్లో తనకి డే షిఫ్ట్ ఇచ్చింది, ఆ వార్డు వదలాలంటే ప్రాణం పోతున్నట్టుంది, బాపట్ల చర్చిలో పెళ్ళినాడు ఒప్పుకుంటున్నావా అమ్మా అని అయ్యగారు అడిగితే తను నోరు విప్పేలోగా మేనత్త వెనకనుంచి చేత్తో తన తల ముందుకి వంచింది, ఔనంది ఔనంది అన్నారంతా, నీలం వెలుగు జరిగి జరిగి ఇప్పుడు తన ఒళ్ళోకి వచ్చింది, ఏవండీ, నేనింకా ఒప్పుకోలేదు, అంది మెల్లగా, ప్రేమానందం కళ్ళు తెరవకుండానే హడలిపోయి, ఏంటే, ఏం చేశావ్ అన్నాడు, ఏం చెయ్యలేదు, షాంటిలీకి ఒప్పుకోలేదు అంటున్నా, అంది, అప్పుడు తలెత్తి చూశాడు, పెళ్ళయ్యాక మొదటిసారి ఆ కళ్ళల్లో ఒక ప్రశ్న కనిపించింది, విమల చూపు తిప్పుకోలేదు, ఇన్నాళ్ళూ ఆయనకి ఆ అధికారం ఇస్తూ వచ్చింది తనేనని, ఇవ్వకపోవడం కూడా తన చేతిలోనే ఉందని ఆమెకి తెలిసిపోయింది.