ఇటలీ బిళ్ల

నేను ఒక సైలెన్సర్‌ని. పేరు చూసి మోసపోకండి. కంపెనీవాళ్లు కారుకు బిగించి పంపే సైలెన్సర్ ఇంజను నోరు మూయిస్తుంది. దాన్ని పీకేసి, అదే ఇంజను నోరు పెంచడానికి కొందరు ముచ్చటపడి కొనుక్కునే జాతి మాది. మాకంటూ వేరే పేరు పెట్టే ఓపిక ఎవరికీ లేక మమ్మల్నీ సైలెన్సర్లనే పిలుస్తారు.

నేను పుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో, ఒక రోడ్డు చివరి రేకుల షెడ్డులో. నన్ను చేసినవాడు కొండ్రు యేసోబు. ముప్పై ఏళ్లపాటు లారీల సైలెన్సర్లకు అతుకులు వేసి వేసి, సుత్తి దెబ్బలకూ గ్రైండరు కేకలకూ ఎడమ చెవి పూర్తిగా పోగొట్టుకున్నాడు. కుడి చెవి సగం పనిచేసేది. భార్య కరుణమ్మ మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి, అతని కుడి పక్కన కూర్చుని, ముఖంలో ముఖం పెట్టి మాట్లాడేది.

చెవులు సరిగా లేనివాడు చప్పుడుకు సంబంధించిన పనిలో ఎలా నెగ్గుకొస్తాడని మీరు అడగవచ్చు. యేసోబు చేత్తో వినేవాడు. నన్ను ఒక కారుకు తగిలించి, ఇంజను ఆడుతుండగా నా ఒంటి మీద తడిగుడ్డ వేసి, దాని మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. నచ్చకపోతే విప్పేవాడు. నా లోపలి చిల్లుల గొట్టాన్ని మూడుసార్లు కోసి మూడుసార్లు అతికాడు. దాని చుట్టూ గాజు ఊలు ఒకసారి దట్టంగా కూరాడు, ఒకసారి సగం లాగేశాడు. నాలుగోరోజు చెయ్యి తీసి, "ఇప్పుడు గొంతు దిగింది" అన్నాడు కరుణమ్మతో. ఆమెకు ఆ తేడా ఏమీ తెలియలేదు. అయినా తల ఊపింది.

అక్కడి నుంచి నేను బందరు రోడ్డులో కార్ల హంగులు అమ్మే సుధీంద్ర దుకాణానికి వెళ్లాను. అద్దాల గోడలూ చల్లటి గాలీ ఉన్న దుకాణం. తన సరుకు అలాంటి చోట పెట్టి అమ్ముతున్నారని యేసోబు ఆటోనగర్‌లో పదిమందికి చెప్పుకున్నాడు. అతనికి తెలియనిది ఒకటుంది. దుకాణం వెనక గదిలో సుధీంద్ర నా నడుముకు మూడు రంగుల అల్యూమినియం బిళ్ల ఒకటి మరలతో బిగించాడు. దాని మీద ఏదో ఇటలీ పేరుంది. నోరు తిరగని పేరు.

నన్ను కొన్నవాడు యలమర్తి శ్రీకర్. గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఉన్న కుటుంబం. రెండే సీట్లున్న ఎర్ర కారు ఒకటి కొన్నాడు గానీ, దాని చప్పుడు అతనికి నచ్చలేదు. "కుట్టుమిషన్‌లా ఉంది" అన్నాడు సుధీంద్రతో. ఆ రోజంతా కారును పైకెత్తడం, దించడం, ఒక్కొక్క సైలెన్సరే బిగించి వినడం. మొదటిది నిజంగానే సముద్రం దాటి వచ్చిన స్టీలుది. దాని అరుపుకి దుకాణం అద్దాలు అదిరాయి. రెండోది టైటానియంది, ఒక చేత్తో ఎత్తగలిగేంత తేలిక. అది కీచుగొంతుతో ఏడ్చింది. మూడోదాన్ని నేను.

నన్ను విన్నప్పుడు శ్రీకర్ ఇంజను ఆడుతుండగానే వదిలేశాడు. కారు దిగి వెనక్కి వచ్చి నిలబడ్డాడు. మళ్లీ లోపల కూర్చున్నాడు. మళ్లీ దిగాడు. ముంజేతి మీద నిక్కిన వెంట్రుకల్ని తనే వింతగా చూసుకున్నాడు. అది నా జీవితంలో మంచి క్షణం, దాచుకోను. తరువాత అతను అడిగిన మొదటి ప్రశ్న మాత్రం చప్పుడు గురించి కాదు.

"ఇది ఎక్కడిది?"

"ఇటలీ సార్," అన్నాడు సుధీంద్ర తడుముకోకుండా. "కంపెనీ కూడా కాదు. ఒక ముసలాయన ఒక్కొక్కటీ చేత్తో చేస్తాడు. ఆయనకి చెవులు సరిగా వినిపించవట. గొట్టం మీద చెయ్యి పెట్టి చూస్తాడట."

అబద్ధం చెప్పేవాడికి కూడా నిజం అంత పనికొస్తుందని నాకప్పుడే తెలిసింది.

ఆ తరువాత దాదాపు ఏడాది నేను శ్రీకర్ కారు కింద బతికాను. ఆదివారం ఉదయాల్లో అతనూ, అలాంటి కార్లే ఉన్న అతని స్నేహితులూ ఏలూరు రోడ్డు మీద టిఫిన్‌కి వెళ్లేవారు. కారు ఆగగానే వాళ్లు నా దగ్గరకు వచ్చి, వంగి ముందు బిళ్ల చదివేవారు. చదివాక "ఏదీ, ఒకసారి రేజ్ చెయ్" అనేవారు. శ్రీకర్ ఇటలీ ముసలాయన కథ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ముసలాయనకి ఏదో ఒకటి తోడయ్యేది. ఒక వారం తెల్ల గడ్డం, మరో వారం ద్రాక్షతోట. చివరికి ఆయన కారు యజమాని ఫొటో చూసి, మనిషి నచ్చితేనే సరుకు అమ్ముతాడనే దాకా వెళ్లింది. అయినా ఒంటరిగా వెళ్లేటప్పుడు శ్రీకర్ పాటలు ఆపేసి, అద్దాలు దించి నన్నే వినేవాడు. నన్ను అంతగా విన్నవాడు మరొకడు లేడు. అందుకే అతని మీద నాకు ఇంత కోపం.

ఒకరోజు నూజివీడు రోడ్డులో, ఎత్తుగా పోసిన స్పీడ్ బ్రేకరుకు నా కడుపు గీసుకుపోయింది. అతుకు పగిలింది. బిళ్ల ఒక్క మర మీద వేలాడింది. సుధీంద్ర ఊళ్లో లేడు. ఎవరో మెకానిక్ "స్టీలు అతుకంటే ఆటోనగర్‌లో యేసోబేనండి" అన్నాడు. అలా నేను పుట్టింటికి వెళ్లాను.

"పెద్దాయనా, జాగ్రత్తగా చెయ్యాలి," అన్నాడు శ్రీకర్. "ఇది మామూలు గొట్టం కాదు. ఇటలీ సరుకు."

యేసోబు కారు కిందికి దూరాడు. నన్ను చూశాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక, "ఏ సరుకన్నారు బాబుగారూ?" అన్నాడు.

"ఇటలీ."

"ఇది నేను చేసిందండి." అతని ముఖం వెలిగిపోయింది. "ఈ అతుకు చివర చూడండి, లోపలికి మడిచి ఆపుతా. ఇట్టా ఇంకెవరూ ఆపరు. లోపలి గొట్టం మూడుసార్లు కోశా. ఆ గుర్తులుంటాయి, కావాలంటే విప్పి చూపిస్తా."

"అది కాదు. ఇటలీలో ఒక ముసలాయన, చెవులు వినిపించక, చెయ్యి పెట్టి చూసి..." శ్రీకర్ మాట మధ్యలో ఆగిపోయింది. యేసోబు చెయ్యి అప్పుడు నా మీదే ఉంది.

"ఉత్త చెయ్యి కాదండి, తడిగుడ్డ వెయ్యాలి," అన్నాడు యేసోబు. "లేకపోతే కాలుద్ది."

ఏడాదిగా ఎవరిని పొగుడుతూ తిరిగాడో ఆ మనిషి ఎదురుగా నిలబడ్డాడు. గడ్డం లేదు, ద్రాక్షతోట లేదు, మిగిలిందంతా ఉంది. శ్రీకర్ అతని చెయ్యి పట్టుకుంటాడనుకున్నాను. ఇనుములో కూడా అమాయకత్వం ఉంటుంది. శ్రీకర్ చెవులు ఎర్రబడ్డాయి. రోడ్డు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"అతుకు వెయ్. బిళ్ల మళ్లీ గట్టిగా బిగించు. ఇది నువ్వు చేసినట్టు ఎవరికీ చెప్పొద్దు."

యేసోబు కుడి చెవి తిప్పాడు. "ఏంటండీ?"

శ్రీకర్ మళ్లీ చెప్పాడు. పక్క షెడ్లలో గ్రైండర్లు అరుస్తున్నాయి. యేసోబు ఇంకొంచెం దగ్గరకు వచ్చి, క్షమించమన్నట్టు నవ్వాడు. శ్రీకర్‌కు విసుగెత్తింది. ఈసారి ఉన్న గొంతంతా పెట్టి అన్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. వరసలోని గ్రైండర్లన్నీ ఒక్కసారి నోరు మూశాయి.

"ఇది నువ్వు చేసినట్టు ఎవరికీ చెప్పొద్దు."

ఆ మాట రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వెళ్లింది. షెడ్లలోంచి మనుషులు తలలు బయటపెట్టారు. ఎవరో నవ్వారు. యేసోబు నవ్వు మాత్రం అక్కడే ఆగిపోయింది.

"అట్టాగేనండి," అన్నాడు.

కరెంటు వచ్చేదాకా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. వచ్చాక యేసోబు పగులు ఎక్కడుండేదో కనిపించనంత నున్నగా అతుకు వేశాడు. బిళ్లకు రెండు రివెట్లు ఎక్కువే కొట్టాడు. శ్రీకర్ జేబులో చెయ్యి పెడితే వద్దన్నాడు. "నా సరుక్కి నేను కూలి తీసుకోనండి," అని, వెంటనే దిద్దుకున్నాడు. "అదే, మీ ఇటలీ సరుక్కి."

ఆటోనగర్‌లో అరిచిన మాట ఆదివారానికల్లా ఏలూరు రోడ్డు చేరింది. స్నేహితులు నా దగ్గర వంగి బిళ్ల చదివి, ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వారు. శ్రీకర్ సుధీంద్ర దగ్గరకు వెళ్లాడు. పోట్లాడతాడనుకున్నాను. ఆ ముసలాడు అబద్ధమాడాడని సుధీంద్ర ప్రమాణం చేశాడు. శ్రీకర్ నమ్మినట్టు తల ఊపాడు. ఇద్దరికీ అదే సౌకర్యంగా ఉంది. నోరు జారేవాడితో వ్యాపారం కుదరదని సుధీంద్ర ఆ రోజే యేసోబుకు కబురు పెట్టాడు. నోరు జారింది ఎవరో శ్రీకర్‌కు తెలుసు. అతను అక్కడే నిలబడి కాఫీ తాగుతున్నాడు.

నన్ను విప్పి, అద్దాలు అదిరించిన ఆ స్టీలుదాన్నే బిగించారు. "బాగుంది కదా?" అని శ్రీకర్ రెండుసార్లు అడిగాడు. నేను నేల మీద పడి ఉన్నాను. నన్ను మళ్లీ ఎవరికైనా అమ్మితే కథ మళ్లీ లేస్తుందని, వెళ్లేముందు అతనే సుత్తి అడిగి తీసుకుని నా మూతి చదును చేశాడు. నాలుగు దెబ్బలు పట్టింది. యేసోబు గట్టిగానే చేశాడు నన్ను.

ఇప్పుడు ఆటోనగర్‌లోనే సుభానీ పాత ఇనుము కొట్లో ఉన్నాను. బిళ్లను సుభానీ మొదటిరోజే ఊడదీసి అల్యూమినియం గంపలో వేశాడు. రెండు వానాకాలాలు గడిచాయి. యేసోబు ఒకరోజు ఇటు రాకపోడని ఎదురుచూశాను.

మొన్న వచ్చాడు. ఇప్పుడు కిటికీ గ్రిల్స్ చేసుకుని బతుకుతున్నాడట. మిగిలిన చెవి కూడా పోయింది. బేరం కరుణమ్మే మాట్లాడుతోంది.

సుభానీ నన్ను కాలితో కదిపి చూపించాడు. "వదినా, ఇది అన్న చేతి పనే గదా? తీస్కపొమ్మను. ఊరికే ఇస్తా."

కరుణమ్మ చేతులతో, పెదవులతో ఆ మాట అతనికి చేరవేసింది. యేసోబు వంగాడు. నన్ను వెలుతురు వైపు తిప్పి, అతుకు వెంట బొటనవేలు జరిపాడు. మడత దగ్గర వేలు ఆగింది.

"కాదు," అన్నాడు. "ఇది ఇటలీదంట."

గ్రిల్‌కు కావలసిన కమ్మీలు ఏరుకుని భుజాన వేసుకున్నాడు. ఇద్దరూ గేటు దాటుతుండగా సుభానీ నన్ను కరిగించే కుప్ప మీదికి విసిరాడు. ఆ చప్పుడుకు కరుణమ్మ వెనక్కి తిరిగి చూసింది. అతను చూడలేదు.