అడ్డంగా గీసిన ముగ్గు

నేను ఒక జానెడు ఇత్తడి గొట్టాన్ని. నన్ను చేతిలోకి తీసుకున్నవాళ్లెవరైనా ముందు నా ఒంటిమీది చిల్లులే చూస్తారు. చిల్లులు లేకపోతే ముగ్గు పడదన్న సంగతి తర్వాత గుర్తొస్తుంది. నాలో పిండి పోసి, మూత బిగించి, పిడి పట్టుకుని నేల మీద దొర్లిస్తే రెండు సన్నని గీతలూ వాటి మధ్య ఒక చుక్కల వరసా పడతాయి. నాకు తెలిసిన విద్య అంతే. ఆ ఒక్క విద్యతోనే విశ్వవిద్యాలయంలో మెదడు గురించి పరిశోధించే గది దాకా వెళ్లాను. బడి మొహం చూడని వస్తువును కాబట్టి ఈ మాట కొంచెం గొప్పగానే చెప్పుకుంటాను.

పుట్టింది బుడితి అనే ఊళ్లో, ఇత్తడి పని చేసే ఒక ఇంట్లో. రేకును చుట్టి, అతికి, సన్నని ఉలితో ఒక్కొక్క చిల్లూ కొట్టారు. కొట్టిన మనిషి నన్ను కంటికి ఆనించుకుని వెలుతురులోకి చూసేవాడు. నాలోంచి లోకం ఎలా కనిపించిందో మాత్రం చెప్పలేదు.

విజయనగరం బజారులో నన్ను సుగుణ గారు కొన్నారు. ఆవిడ నన్ను పట్టుకునే తీరే వేరు. నొక్కేవారు కాదు, తోసేవారు కాదు; నా బరువుతో నన్నే దొర్లనిచ్చేవారు. వాకిట్లో పెద్ద ముగ్గు చేత్తో వేసుకుని, వీధి గేటు నుంచి గుమ్మం దాకా దారికి రెండు వైపులా నాతో అంచులు వేసేవారు. చివర ఒక అడ్డగీతతో ఆ రెండు అంచుల్నీ కలిపేవారు. అంచును తెరిచి వదలకూడదని ఆవిడ నియమం.

మనుషుల గురించి నేను తెలుసుకున్నదంతా ఆ వాకిట్లోనే. ఒకరి మాట ఒకరు లెక్కచేయరు, ఒకరి స్థలం ఒకరు ఆక్రమిస్తారు. కానీ ముగ్గు కనిపిస్తే ఎంత తొందరలో ఉన్నవాడైనా కాలెత్తి దాటుతాడు. తాగి తూలుతూ వచ్చే ఎదురింటాయన మా గోడను గుద్దుకునేవాడు గానీ, పొరపాటున కూడా ముగ్గు తొక్కేవాడు కాదు.

ఒక వేసవిలో సుగుణ గారు పోయారు. ఎలా పోయారన్నది చెప్పను. చెప్పినందువల్ల ఏమీ మారదు. ఏడాది పాటు ఆ వాకిట్లో ముగ్గు లేదు. ఆవిడ పోసిన పిండి నాలో సగం దాకా అలాగే ఉండిపోయింది.

ఆవిడ కూతురు ప్రసూన ఎమ్మెస్సీ న్యూరోసైన్స్ చదవడానికి విశాఖపట్నం వెళుతూ నన్ను బట్టల మధ్య పెట్టుకుంది. హాస్టల్లో ముగ్గు వేసేదెవరు? నేను ఆమె బల్ల మీద, మెదడు బొమ్మలున్న ఒక లావుపాటి పుస్తకం పేజీలు ఎగరకుండా కూర్చునే ఉద్యోగంలో చేరాను. అక్కడ నా చదువు మొదలైంది. ప్రసూన కూర్చుని చదివేది కాదు. గదిలో అటూ ఇటూ తిరుగుతూ, గోడకు పాఠం చెబుతున్నట్టు పైకి చదివేది. గోడకు అర్థమైందో లేదో గానీ నాకు కొంత అర్థమైంది.

నడవడం మనం ఆలోచించి చేసే పని కాదట. మెదడు లోతుల్లో ఉన్న కొన్ని కణాల గుంపులు మన తరఫున ఆ పని చూసుకుంటాయి. వాటికి డోపమైన్ అనే రసాయనం అందుతుండాలి. పార్కిన్సన్స్ జబ్బులో ఆ రసాయనాన్ని తయారుచేసే కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. అప్పుడు మనిషి నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతాడు. కాలిలో బలముంటుంది, మనసులో కోరిక ఉంటుంది, మధ్యలో కబురు మోసే దారి మూసుకుపోతుంది. గుమ్మాల దగ్గర మరీను.

అసలైన మెదడును మొదటిసారి పట్టుకున్న రోజున ప్రసూన గదిలోకి పరుగెత్తుకుంటూ వచ్చింది. అన్నయ్యకు ఫోన్ చేసి, రెండు చేతులతో పట్టుకున్నానని, ఒక మనిషి జ్ఞాపకాలన్నీ అందులో ఉండేవని, తన చేతులు వణకలేదని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చేతులు కడుక్కున్నావా అని మాత్రమే అడిగాడట ఆ అన్నయ్య. ఫోన్ పెట్టేసి ఆ పిల్ల ఒక్కతే చాలాసేపు నవ్వుకుంది. ఆ ఇంటి నుంచి వచ్చాక నేను విన్న మొదటి నవ్వు అది.

రెండో ఏడు వాళ్ల ప్రొఫెసర్ ఇమాన్యుయేల్ గారు ఆమెను ఆసుపత్రి నరాల విభాగానికి పంపారు. అక్కడ ఆమెకు అప్పగించిన రోగి నూకరత్నం. అనకాపల్లి మనిషి. భర్త సన్యాసిరావు గారు రేవులో క్రేను నడిపి రిటైరయ్యారు. ఇంటంత పెట్టెల్ని గాల్లో తేల్చి ఓడలో దించిన ఆ పెద్దమనిషికి, సొంత భార్యను వంటింటి గుమ్మం దాటించడం చేతకావడం లేదు. ఆవిడ గుమ్మంలో ఆగిపోతుంది, ఈయన కంగారుపడి చెయ్యి పట్టి లాగుతారు, ఆవిడ పడిపోతుంది. ఈమధ్య పడినప్పుడు తలకు కుట్లు పడ్డాయి. ఆ రోజే ఆయన ఒక చక్రాల కుర్చీ కొన్నారు. సోమవారం నుంచి ఆవిడ అందులోనే కూర్చోవాలని, వంటింటి మొహం చూడక్కర్లేదని నిర్ణయించేశారు. ప్రేమతోనే లెండి. మనుషులు తమవాళ్లను కట్టిపడేసేది ఎక్కువగా ప్రేమతోనే.

ఇవన్నీ ప్రసూన రాత్రి గోడతో చెప్పుకుంటుంటే విన్నాను. నూకరత్నం అన్న మాటను ఆ యాసలోనే చెప్పింది.

"కుర్చీ ఎందుకు? ఆ క్రేనుతోనే ఎత్తి నన్ను వంటింట్లో దించీండి," అందట ముందు భర్తతో. తర్వాత ప్రసూన వైపు తిరిగి, గొంతు తగ్గించి అందట. "నా వంటింట్లోకి నాను నడిచెల్లాల పాపా. ఇంకేటీ అడగను."

మొదట టిక్కుటిక్కుమనే లయ యంత్రం పెట్టి చూశారు. కొందరికి ఆ లయకు అడుగులు పడతాయట. నూకరత్నం మాత్రం అది తన బుర్రలో మేకు దిగ్గొడుతోందని, ముందు దాన్ని ఆపమని గొడవ చేసింది. ఆదివారం తెల్లారేసరికి ప్రసూన ఇంకో సంగతి చదువుతోంది. ఆ మూసుకుపోయిన దారి ఒక్కటే కాదట. నేల మీద దాటవలసిన గీత కంటికి కనిపిస్తే, మెదడు మరో దారిలో కాలికి కబురు పంపగలదట. చదువుతూ నడుస్తున్న ప్రసూన ఠక్కున ఆగింది. బల్ల వైపు, అంటే నా వైపు, చూసింది.

నన్ను సంచిలో వేసుకుని అప్పటికప్పుడు బయల్దేరింది. దారిలో నా గుండె, అంటే నాలోని పిండి, ఒకటే కుదుపు.

సోమవారం గడువు కాబట్టి ఆ ఆదివారమే ఇమాన్యుయేల్ గారు పరీక్షకు ఒప్పుకున్నారు. ఆసుపత్రి వెనక, గరుకు గచ్చున్న వరండాలో ఆ పరీక్ష. ఆయన నన్ను తిప్పి చూసి, పిండి మీద ఆవిడ కాలు జారితే ఎవరిది పూచీ అని అడిగారు.

"ముగ్గు మీద ఎవరు కాలు పెడతారు సార్?" అంది ప్రసూన.

ఆయన నన్ను తిరిగి ఆమె చేతికిచ్చారు. అయినా ఆవిడకు నడుము పట్టీ కట్టించి, ఫిజియోథెరపీ అమ్మాయిని దాన్ని పట్టుకుని పక్కనే నడవమన్నారు.

ప్రసూన మూత తీసి లోపలికి చూసింది. అమ్మ పోసిన పిండి. కాస్త సేపు చూసింది. మూత బిగించి నన్ను నేల మీద పెట్టింది.

గీత ఎటు ఉండాలో పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది. దారికి అడ్డంగా ఉండాలి. ప్రసూన ఆ వాక్యాన్ని గోడకు బిగ్గరగా వినిపించింది కూడా. కానీ నన్ను పట్టుకున్నాక ఆ చేతికి చదువు గుర్తు రాలేదు, తల్లి గుర్తొచ్చింది. నొక్కలేదు, తోయలేదు. దారి పొడవునా ఒక వైపు అంచు, రెండో వైపు అంచు. చక్కగా, నిటారుగా, సుగుణ గారు వేసినట్టే వేసింది. చివర అలవాటు ప్రకారం ఒక అడ్డగీతతో అంచు మూసేసి, నడుం నిటారు చేసుకుని నిలబడింది.

నూకరత్నం బయల్దేరింది. చిన్న చిన్న అడుగులు, నేలను రాసుకుంటూ. వరండా సగానికి వచ్చేసరికి పాదాలు అతుక్కుపోయాయి. మోకాళ్లు వణుకుతున్నాయి, పాదం లేవదు. రెండు పక్కలా నా గీతలున్నాయి, ఏం లాభం?

"సూసినావా పాపా, బాగుంది నీ ముగ్గు," అంది ఆవిడ, నిష్ఠూరంగా కాదు, ఓదార్పుగా. సన్యాసిరావు గారు చక్రాల కుర్చీని కాస్త ముందుకు తోశారు.

ఫిజియోథెరపీ అమ్మాయి ఆసరా ఇచ్చి ఆవిడను మెల్లగా ముందుకు నడిపించింది. ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ దారి చివరికి వచ్చారు. అక్కడ అంచు మూసిన అడ్డగీత ఉంది. నూకరత్నం కిందికి చూసింది. చూసి, కుడికాలు మోకాలి దాకా ఎత్తి, గీతకు అవతల మెత్తగా పెట్టింది. ఎడమకాలూ అంతే. వాకిట్లో ముగ్గును అరవై ఏళ్లుగా దాటినట్టు దాటి, అవతల నిలబడి చీర సర్దుకుంది.

ఏం జరిగిందో ఆవిడకే తెలియలేదు.

"అడ్డంగా," అంది ప్రసూన. "అడ్డంగా వేయాలి సార్. చదివాను. చదివి కూడా..." నన్ను పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంది. ఆవిడ అడుగుకు సరిపడా దూరం వదులుతూ అడ్డగీత తర్వాత అడ్డగీత వేసుకుంటూ పోయింది. నా జన్మలో అంత వేగంగా దొర్లలేదు. ఒంటిలోని చిల్లులన్నీ పాడుతున్నట్టనిపించింది. చివరి గీతకు నాలో పిండి అయిపోయింది.

నూకరత్నం మళ్లీ బయల్దేరింది. ఒక గీత, కాలు లేచింది. ఇంకో గీత, మళ్లీ లేచింది. సగం దారి దాటింది. ఇందాక అతుక్కుపోయిన చోటును చూసుకోకుండానే దాటేసింది. చివరిదాకా వెళ్లి, వెనక్కి తిరిగి, భర్తను చూసి అంది.

"అలా నిలబడిపోనారేటి? ఆ కుర్చీలో మీరు కూకోండి."

సన్యాసిరావు గారు నిజంగానే కూర్చున్నారు.

ప్రసూన ఆ వరండాలో గెంతింది. ఇమాన్యుయేల్ గారు మాత్రం కళ్లద్దాలు తుడుచుకుంటూ, అడ్డగీతల సంగతి లోకానికి కొత్తేమీ కాదని అన్నారు. "కానీ మామూలు గీతకు ఈవిడ కాలు ఇంత ఎత్తున లేస్తుందా? అది చూద్దాం. ఇంకా రోగుల్ని పిలుద్దాం," అని ఆయనే మూత తీసి, పిండి ఎక్కడ దొరుకుతుందని అడిగారు. ఆయనకూ ఉత్సాహం ఆగడం లేదని అప్పుడు కనిపెట్టాను.

తర్వాత నెలల తరబడి ఎందరో ఆ గీతల మీదుగా నడిచారు. కొందరికి పనిచేశాను, కొందరికి చేయలేదు. ప్రసూన పరిశోధన పత్రంలో నన్ను 'అడ్డగీతల దృశ్య సంకేతం' అన్నారు. అంత పెద్ద పేరు నాదేనని తెలుసుకోవడానికి నాకే కొంత సమయం పట్టింది.

చదువు ముగించి వెళ్లేటప్పుడు ప్రసూన నన్ను నూకరత్నం ఇంట్లో ఇచ్చేసింది. వద్దు, అమ్మ వస్తువు కదా అని ఆవిడ అంది. అమ్మ చేయి ఎలా తిరిగేదో తన చేతికి వచ్చేసిందని ప్రసూన చెప్పింది. గేటు దాకా వెళ్లి ఒకసారి ఆగింది, వెనక్కి మాత్రం రాలేదు.

ఇప్పుడు నా యజమాని సన్యాసిరావు గారు. పొద్దున్నే హాల్లో తడిగుడ్డ పెట్టి, ఆరాక, గది నుంచి వంటింటి గుమ్మం దాకా ఆయనే గీతలు వేస్తారు. క్రేను నడిపిన చేయి కదా, నన్ను మీట నొక్కినట్టు నొక్కుతారు. గీత వంకర పోతుంది. పక్కింటాయన కిటికీలోంచి చూసి, ఈసారి ముగ్గుల పోటీలో బహుమతి తమ వీధికేనా అని అడుగుతాడు. ఈయన గీస్తూనే ఉంటారు. నూకరత్నం మంచం మీంచే తీర్పు చెబుతుంది: "మూడోది తాగినోడి నడకలాగుంది, సెరిపి మళ్లీ గియ్యండి."

జబ్బు పోలేదు. పోదని ప్రసూన మొదటే చెప్పింది. మాత్ర బలం తగ్గిన వేళల్లో ఆవిడ గీత ముందు కూడా ఆగిపోతుంది. అప్పుడాయన లాగరు. పక్కన నిలబడి వేచి ఉంటారు. అది నేర్చుకోవడానికి ఆయనకు నాకంటే ఎక్కువ కాలం పట్టింది.

మొన్న ఒక పొద్దున ఆయన నేల తుడిచి, పాలు తేవడానికి వెళ్లారు. గీతలు ఇంకా వేయలేదు. నేను కిటికీ గూట్లో ఉన్నాను. నూకరత్నం లేచింది, గోడ పట్టుకుని హాలు దాటింది, వంటింటి గుమ్మం ముందు ఆగిపోయింది. పాదాలు అతుక్కుపోయాయి. ఇంట్లో ఎవరూ లేరు. నాకు కాళ్లు లేవని ఆ క్షణంలో బాధపడ్డాను.

ఆవిడ ఎవరినీ పిలవలేదు. ఖాళీ నేలను పట్టి పట్టి చూసింది.

"ఇక్కడే గదా ఉంటాది," అంది నెమ్మదిగా.

కుడికాలు మోకాలి దాకా లేచింది. లేని గీతను దాటి, అవతల మెత్తగా దిగింది.

సన్యాసిరావు గారు వచ్చేసరికి స్టవ్ వెలుగుతోంది. ఆయన శుభ్రంగా ఉన్న నేలను చూశారు. గూట్లో ఉన్న నన్ను చూశారు. నన్ను అందుకోబోయారు.

"పాలు ఇటు తెండి, నీళ్లు మరిగిపోతన్నాయి," అంది ఆవిడ లోపల్నుంచి.

ఆయన నా వైపు చాచిన చేయి వెనక్కి తీసుకుని, పాల ప్యాకెట్‌తో లోపలికి వెళ్లారు. వెళుతూ గుమ్మం దగ్గర, ఏమీ గీయని ఆ నేల మీద, తనకు తెలియకుండానే కాలెత్తి దాటారు.