చుట్టకట్ట మీది బొమ్మ

మణిశంకర్ మంచివాడే. చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాడైతే ఆ పెద్దావిడ జోలికే పోయేవాడు కాదు. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పుకునే మనిషి, పాత చుట్టకట్టల మీది రంగు బొమ్మలు పోగేసే పిచ్చి తగిలించుకున్నాడు. వాటిమీద దేవుళ్ళకంటే నాటకాల ఆడవాళ్ళే ఎక్కువ. ఒంటినిండా నగలు దిగేసుకుని, వీణ పట్టుకుని ఓరగా చూస్తుంటారు. తొంభై ఏడులో రాజమండ్రి టౌన్‌హాల్లో వాటన్నిటినీ ప్రదర్శనకి పెట్టాడు.

రంగమంజరి మార్కు చుట్టల మీద ఉన్నది ఒకప్పుడు నాటకాలాడిన సంపూర్ణమ్మగారని ఓ ముసలి హార్మోనిస్టు చెప్పాడు. ఆవిడ దానవాయిపేటలో పిల్లలకి సంగీతం నేర్పుతోంది. ఇంకేముంది, మణిశంకర్ ఎగిరి గంతేశాడు. ఆవిడ ఇంటికెళ్ళి, "పాత కళాకారులకి సన్మానమండి, మీరు తప్పకుండా రావాలి" అని పిలిచాడు. బొమ్మ సంగతి మాత్రం ఎత్తలేదు. ఉన్నట్టుండి చూసి మురిసిపోతుందట! పాపం, ఆవిడ సంబరపడి శిష్యురాళ్ళనీ, వాళ్ళ తల్లిదండ్రులనీ వెంటబెట్టుకుని వచ్చింది.

ఆవిణ్ణి వేదిక మీద కూర్చోబెట్టి, వెనక తెర లాగించాడు. నిలువెత్తు చుట్టల బొమ్మ! హాలంతా చప్పట్లు. మణిశంకర్ పొంగిపోతూ మైకు పట్టుకుని, "వీరేనండి మన రంగమంజరి!" అన్నాడు.

ముందు వరసలో ఓ శిష్యురాలి తండ్రి లేచి నుంచున్నాడు. "ఓరి నాయనో! మా నాన్నగారు ఈ బొమ్మని ట్రంకుపెట్టెలో అంటించుకుని, మా అమ్మచేత చీవాట్లు తినేవారండి. అది మీరేనని తెలీనే లేదు టీచర్‌గారూ!" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. జనం గొల్లున నవ్వారు. సంపూర్ణమ్మగారు వెనక్కి తిరిగి బొమ్మని చూసింది. మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

శాలువా కప్పడానికి వంగిన మణిశంకర్‌కి మాత్రమే వినపడేలా మాట్లాడింది.

"ఫోటో స్టూడియోవాడు నా ఫోటోని చుట్టలవాళ్ళకి అమ్ముకున్నాడు బాబూ. నన్నెవరూ అడగలేదు. స్టేజీ మీద బిడ్డ శవాన్ని ఒళ్ళో పెట్టుకుని నేను పద్యం ఎత్తుకుంటే, 'ఓ కట్ట ఇటు పడెయ్యవే రంగమంజరీ' అని కింద నుంచి కేకలు. అందుకే నాటకాలు మానేశాను. సంగీతం టీచరమ్మ అనిపించుకోడానికి ఇంతకాలం పట్టింది. రేపు ఈ పిల్లలు పాఠానికొస్తే నన్ను ఎవరనుకుని చూస్తారండి?"

మణిశంకర్‌కి తల కొట్టేసినట్టయింది. ఛీ, ఎంత పని చేశాను! పిలవడానికి వెళ్ళినరోజు ఆవిడిచ్చిన కాఫీ తాగుతూ గంటసేపు కబుర్లు చెప్పాడే, ఒక్కమాట అడిగితే ఏం పోయేది? అడగాలనే తోచలేదు. ఆ స్టూడియోవాడికీ తోచి ఉండదు. వాడు డబ్బు కోసం చేసిన పనే తను గౌరవం పేరు పెట్టి చేశాడు.

"తీయించెయ్యమంటారా అమ్మా?" అన్నాడు.

"అందరూ చూశాక అడుగుతున్నారా?"

ఇంతలో పేపరు ఫోటోగ్రాఫరు ముందుకొచ్చాడు. "మాస్టారూ, మీరు బొమ్మకి అడ్డం వస్తున్నారండి. కాస్త పక్కకి జరగండి. అమ్మగారూ, నవ్వాలి మరి!"

శిష్యురాళ్ళు చూస్తున్నారని సంపూర్ణమ్మగారు నవ్వింది. వద్దని చెప్పాల్సినవాడు మణిశంకరే. మర్యాదకి అలవాటుపడ్డ మనిషి కదా, "అలాగేనండి" అని పక్కకి జరిగాడు.