తప్పు క్లారినెట్‌ది కాదు

మా ఆయన బ్యాండువాళ్ల వాయిద్యాలు బాగుచేస్తారు. మీటల కింద మెత్తలు మార్చి, చివర్లో తను ఊది చూడనిదే ఏ క్లారినెట్టూ కొట్టు దాటదు. అదే మా కొంప ముంచింది.

బ్యాండు మాస్టారి క్లారినెట్ ఊదితే స్వరం మధ్యలోనే తెగిపోయింది. గాలి కారుతోందని మెత్తలన్నీ పీకి కొత్తవి అతికించారు. మళ్లీ తెగింది. మళ్లీ పీకారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి వాయిద్యమూ ఆయన లెక్కలో ఓటిదే. ఆడలేక మద్దెల ఓడన్న సామెతను మా కొట్టుకు బోర్డుగా పెట్టుకోవచ్చు! చివరికి మాస్టారే విసిగిపోయి, తన క్లారినెట్ అందుకుని ఊదితే వీధి చివరిదాకా వినిపించింది.

"ఇది బాగానే ఉందయ్యా. ముందు నువ్వెళ్లి ఎవరికైనా చూపించుకో," అన్నాడు.

చూపించాం. స్కానింగులో ఊపిరితిత్తుల నిండా చిన్న చిన్న బుడగల్లాంటి ఖాళీలు. లాంగర్‌హాన్స్ సెల్ హిస్టియోసైటోసిస్ అట. ఒంటిని కాపాడాల్సిన ఒక రకం కణాలే గుంపుకట్టి ఊపిరితిత్తుల్ని పాడుచేస్తాయట. చాలా అరుదట.

"సిగరెట్లే దీన్ని పెంచుతున్నాయి. మానేస్తే ఇక్కడితో ఆగొచ్చు, కొంత తగ్గొచ్చు కూడా. మానకపోతే మాత్రం మందులిచ్చి లాభం లేదు," అంది డాక్టరమ్మ.

ఇంకొకరైతే భయపడేవారు. ఈయనకు కోపం వచ్చింది.

"అంత పొడుగు పేరున్న జబ్బుకి సిగరెట్ మానడమా మందు? కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది. పద, ఇంకొకరికి చూపిద్దాం."

చూపించాం. ఆయనా అదే చెప్పాడు. మూడో ఆయనా అదే. ముగ్గురూ కూడబలుక్కున్నారని తేల్చేశారు మా ఆయన. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు! పైగా కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ఆ జబ్బు పేరు బిరుదులాగా అప్పజెప్పడం. నాకు ఒళ్లు మండిపోయేది.

పోరగా పోరగా మానేశానని ఒట్టేశారు. నమ్మాను. ఊది చూసే పని కూడా నేనే నేర్చుకున్నాను.

నిన్న మూలనున్న శాక్సోఫోన్ కోసం దాని యజమాని వచ్చాడు. నేను ఊది చూస్తే అది జలుబు చేసినట్టు మూలిగింది. ఈయన వద్దు వద్దంటున్నా దాని వెడల్పాటి మూతిలో చెయ్యి పెట్టాను. సగమైన సిగరెట్ పెట్టె దొరికింది.

ఆ మనిషి వెళ్లేదాకా పళ్లు బిగబట్టుకున్నాను. తర్వాత అరిచాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. చివరికి నేను ఊది చూసి పక్కన పెట్టిన క్లారినెట్ ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టాను.

"మీరే ఊదండి. వింటాను."

ఊదారు. స్వరం రెండడుగులు వేయకుండానే దగ్గు తన్నుకొచ్చింది. దగ్గుతూనే అలవాటుగా స్క్రూడ్రైవర్ అందుకున్నారు. చెయ్యి పట్టుకున్నాను.

"విప్పకండి. అందులో ఏమీ పాడవలేదు."

స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశారు.

"మానేశాక కూడా ఊపిరి రాకపోతేనో? మాననంతకాలం, మానితే తగ్గుతుందన్న ఆశైనా ఉంటుంది కదే."

ఎంత మూర్ఖపు మనిషి! ఆశను దాచుకోవడానికి ఊపిరిని తగలేస్తున్నాడు. తిడదామంటే ఏడుపొచ్చింది. సిగరెట్ పెట్టెను నలిపి చెత్తబుట్టలో పడేశాను. ఆయన ఆపలేదు.

స్క్రూడ్రైవర్‌ని నా వైపు జరిపారు.

"ఇది నీ దగ్గరే ఉంచు. రోజూ ఊదుతాను. ఊపిరి ఎంతవరకు వచ్చిందో నువ్వే విని చెప్పు. నేనైతే తప్పు మళ్లీ మెత్తల మీదకు నెట్టేస్తాను."